చిన్నప్పుడు తలకి దెబ్బ, పదమూడేళ్ళకి దుడుకు: ఇంట్లో వాళ్ళం ఏం చెయ్యొచ్చు

మావాడు ఆరేళ్ళప్పుడు మెట్ల మీంచి పడ్డాడు. కాసేపు స్పృహ లేదు, రెండ్రోజులు హాస్పిటల్లో ఉంచుకుని పంపించేశారు, నెల తిరిగేసరికి మళ్ళీ గెంతులే, మేమూ ఆ సంగతి మర్చిపోయాం. పదమూడో ఏట మొదలైంది అసలు కథ. ఎవడో "దూకు చూద్దాం" అంటే గోడ మీంచి దూకెయ్యడం, అడక్కుండా పక్కింటాయన బండి తీసుకుపోవడం, టీచర్ ఒక్క మాటంటే పుస్తకం విసిరికొట్టి క్లాసులోంచి లేచి వెళ్ళిపోవడం. పెంపకం సరిగ్గా లేదని చుట్టాలందరూ తేల్చేశారు, నేనూ రెండేళ్ళు అదే అనుకున్నా. చివరికి తలనొప్పికి చూపిద్దామని వెళ్తే ఒక డాక్టరు గారు మందులు రాస్తూ రాస్తూ "చిన్నప్పుడెప్పుడైనా తలకి దెబ్బ తగిలిందా?" అని అడిగారు, అప్పుడు లైటు వెలిగింది. ఆ రెండేళ్ళు ఇంకో ఇంట్లో పోకూడదని ఇది రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, అడిగీ చదివీ ఇంట్లో చేసి చూసీ తెలుసుకున్నవే ఇవన్నీ.

ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు బయటపడుతుంది

తలకి దెబ్బ ఎటువైపు తగిలినా లోపల మెదడు ఊగుతుంది, ఊగినప్పుడు పుర్రె అడుగున గరుగ్గా ఉండే ఎముక గట్లకి ఎక్కువగా రాసుకునేది ముందు భాగమే, అంటే నుదుటి వెనకున్న ఫ్రంటల్ లోబూ, కణతల దగ్గరి టెంపొరల్ లోబుల ముందు కొసలూ. అదీ కాక ఒక చోటి నుంచి ఇంకో చోటికి కబురు మోసే సన్నటి నరాల పోగులు సాగిపోతాయి, కొన్ని తెగుతాయి. ఇవి మామూలు సీటీ స్కాన్‌లో చాలాసార్లు కనపడవు. మా డిశ్చార్జ్ కాగితం మీద కూడా "స్కాన్ నార్మల్" అనే ఉంది. లోపల రక్తం కారడం లేదు, ఆపరేషన్ అక్కర్లేదు అని ఆ రోజుకి చెప్పే మాట అది, పదేళ్ళ తర్వాతి గ్యారంటీ కాదని మాకు అప్పుడు తెలీదు.

ఇప్పుడు ఆ ఫ్రంటల్ లోబ్ చేసే పని చూడండి. ఆగు, ఆలోచించు, తర్వాత ఏమవుతుందో ఊహించు, కోపం మింగు, ఇవన్నీ దాని పనులే, అది పూర్తిగా తయారయ్యేది పాతికేళ్ళు దగ్గర పడ్డాక. ఆరేళ్ళ పిల్లాడికి దానితో పెద్ద అవసరమే రాదు, ఎందుకంటే ఆగు అనేది అమ్మ, రోడ్డు దాటించేది నాన్న, హోంవర్క్ గుర్తుచేసేది టీచర్. పదమూడు వచ్చేసరికి ఇవన్నీ వాడే చేసుకోవాలి, సరిగ్గా అప్పుడే లోపల అది చాలడం లేదని తెలుస్తుంది. డాక్టర్లు దీన్ని ఇంగ్లీషులో "గ్రోయింగ్ ఇంటూ డెఫిసిట్" అంటారు, పిల్లాడు పెరిగేకొద్దీ లోటు బయటపడటం అన్నమాట. పైగా ఆ వయసులో ఎవరికైనా సరే కోరికా, సరదా, ఫ్రెండ్స్ ముందు గొప్పా ముందు పరుగెడతాయి, అదుపు వెనక వస్తుంది. దెబ్బ తగిలిన పిల్లల్లో గుర్రం వయసుకి తగ్గట్టే ఎదుగుతుంది, కళ్ళెం దగ్గరే ఇబ్బంది.

"చిన్నపిల్లల మెదడు కదా, తొందరగా కుదురుకుంటుంది" అని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ మాట ఎక్కువగా 1930లలో మార్గరెట్ కెన్నార్డ్ అనే పరిశోధకురాలు కోతుల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది, పిల్ల కోతులు పెద్దవాటి కంటే బాగా కోలుకున్నాయి, నిజమే, కానీ ఆవిడ చూసింది కాళ్ళూ చేతుల కదలిక. నిదానం, విచక్షణ వేరే లెక్క. 1999లో ఆంటోనియో డమాసియో అనే మెదడు శాస్త్రవేత్త వాళ్ళ టీమ్ ఒక యువతి, ఒక యువకుడి గురించి రాసింది, ఇద్దరికీ పదహారు నెలల లోపే ఫ్రంటల్ భాగం దెబ్బతింది, తెలివితేటల పరీక్షలో మామూలుగానే ఉన్నారు కానీ దొంగతనాలు, అబద్ధాలు, రేపు ఏంటి అన్న ఆలోచనే లేకపోవడం. ఇది చదివి నేను ఆ రాత్రి నిద్రపోలేదు. తర్వాత తెలిసింది, వాళ్ళది చాలా పెద్ద డ్యామేజీ, అరుదైన కేసులు, అందరికీ అలా అవుతుందని కాదు.

అంకెలు కూడా చెప్పేస్తా, ఎందుకంటే భయపెట్టేవాళ్ళు సగమే చెప్తారు. న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో 1977లో పుట్టిన 1265 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చారు, అందులో ఐదేళ్ళలోపు తల దెబ్బతో హాస్పిటల్లో చేరినవాళ్ళకి 14, 16 ఏళ్ళ మధ్య ఏకాగ్రత లేకపోవడం, మొండి ప్రవర్తన, మందూ మత్తూ సమస్యలు ఎక్కువ కనిపించాయి. స్వీడన్‌లో తల దెబ్బ తగిలినవాళ్ళలో తర్వాత హింసాత్మక నేరం చేసినవాళ్ళు 8.8 శాతం, మామూలు జనంలో 3 శాతం. ఎక్కువే, కాదనను. కానీ దాన్నే తిప్పి చూస్తే నూటికి 91 మంది అలాంటిదేమీ చెయ్యలేదు. ఇంకోటి, దుడుకు పిల్లలే ఎక్కువ పడతారు కాబట్టి దెబ్బ వల్ల దుడుకా, దుడుకు వల్ల దెబ్బా అనే అనుమానం ఉంటుంది. ఆ స్వీడన్‌లోనే 2016లో పదకొండు లక్షల మంది రికార్డులు తీసి, దెబ్బ తగిలినవాళ్ళని తగలని సొంత అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్ళతో పోల్చారు, మానసిక సమస్యలు, చదువులో వెనకబడటం లాంటివాటిలో తేడా తగ్గింది కానీ పోలేదు. అంటే ఇల్లూ పెంపకమూ పుట్టుకా కొంత, దెబ్బ కొంత.

మొదటి పని: ఫైలు తయారుచెయ్యండి

ఇది బోరుగా ఉంటుంది కానీ అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే. ఒక నోట్‌బుక్ తీసుకుని పుట్టిన దగ్గర్నుంచి తలకి తగిలిన ప్రతి దెబ్బా రాయండి, హాస్పిటల్‌కి వెళ్ళనివి కూడా. ఊయల మీంచి పడ్డది, ఆటలో తల తల కొట్టుకున్నది, బండి మీంచి జారింది, కొట్టుకున్నది. ప్రతిదానికీ తేదీ, వయసు, స్పృహ పోయిందా, పోతే ఎంతసేపు, వాంతులయ్యాయా, ఫిట్స్ వచ్చాయా. అన్నిటికంటే ముఖ్యమైంది, చాలామంది రాయనిది, స్పృహ వచ్చాక కూడా జరిగినవి జ్ఞాపకం నిలవకుండా ఎంతసేపు ఉన్నాడు అనేది. అడిగిందే అడగడం, పొద్దున ఎవరొచ్చారో సాయంత్రానికి తెలియకపోవడం, ఆ అయోమయం ఎన్ని గంటలో ఎన్ని రోజులో దాన్ని బట్టి దెబ్బ తీవ్రత గురించి డాక్టర్లకి చాలా తెలుస్తుంది. డిశ్చార్జ్ కాగితంలో జీసీఎస్ అని ఒక అంకె ఉంటుంది, అది గ్లాస్గో కోమా స్కేల్, 1974 నుంచి వాడుతున్నారు, 13 నుంచి 15 అయితే చిన్న దెబ్బ, 9 నుంచి 12 మధ్యస్తం, 8 అంతకంటే తక్కువైతే తీవ్రం. అదీ ఎక్కించండి. మెదడువాపు, మెనింజైటిస్, నీళ్ళలో మునిగి ఊపిరాడకపోవడం లాంటివి జరిగుంటే అవీ రాయండి, అవి దెబ్బలు కాకపోయినా మెదడుకి గాయాలే.

తర్వాత ఇంకో పేజీలో మార్పులు. ఏ క్లాసులో ఏం మారింది, ఎవరు ఏం కంప్లైంట్ చేశారు. నేను పాత ప్రోగ్రెస్ కార్డులన్నీ తీసి టీచర్ల రిమార్కులు వరసగా రాశాను. రెండో క్లాసు "చురుకైనవాడు". నాలుగు "తొందరపాటు". ఆరు "పని పూర్తి చెయ్యడు". ఎనిమిది "క్రమశిక్షణ లేదు". ఒక్కో కార్డు విడిగా చూసినప్పుడు ఏమీ అనిపించలేదు, ఒకే కాగితం మీద చూస్తే మాత్రం ఒళ్ళు జలదరించింది.

ఎవరికి చూపించాలి, ఏం అడగాలి

పిల్లల న్యూరాలజిస్ట్ దగ్గర మొదలుపెట్టండి, దొరికితే న్యూరోసైకాలజిస్ట్ (మెదడు పనితీరుని పరీక్షలతో కొలిచేవాళ్ళు) చేత పరీక్షలు చేయించండి. ఐక్యూ ఒక్కటే చూసి "బాగానే ఉన్నాడు" అంటే ఆగిపోకండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఎదురుగా ఒకరు కూర్చుని ఒక్కో ప్రశ్నా అడుగుతుంటే ఈ పిల్లలు బాగానే చేస్తారు, ఎందుకంటే ఆ గదిలో కళ్ళెం పట్టుకుంది ఆ ఎదురుగా ఉన్న మనిషి. వాడి ఇబ్బంది కారిడార్లో, పదిమంది మధ్యలో. అందుకే ఇంట్లోవాళ్ళూ టీచర్లూ నింపే ప్రశ్నావళులు, ఉదాహరణకి బ్రీఫ్ అనేది, అవి కూడా ఉన్నాయా అని అడగండి. ఏకాగ్రత సమస్య దెబ్బ తగిలిన వెంటనే కాకుండా ఆరేడేళ్ళ తర్వాత కూడా మొదలవ్వొచ్చు, కాబట్టి ఒకసారి చూపించి నార్మల్ అన్నారని ఫైలు మూసెయ్యొద్దు, స్కూల్ మారినప్పుడల్లా, టీనేజ్ మొదట్లో మళ్ళీ చూపించండి.

ప్రవర్తన అని పేరు పెట్టేముందు ఒళ్ళు చూడమనండి. నిద్ర సరిగ్గా పడుతుందా, రోజూ తలనొప్పా, సాయంత్రానికి పూర్తిగా డీలా పడిపోతున్నాడా. మధ్యమధ్యలో కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతే అది పరధ్యానం కాకుండా చిన్న రకం ఫిట్స్ కావచ్చు. ఎత్తు పెరగడం ఆగిపోయినా, ఈడు మరీ ముందో మరీ ఆలస్యంగానో వచ్చినా మెదడు అడుగున ఉండి ఎదుగుదలని నడిపే పిట్యుటరీ గ్రంథి పరీక్ష అడగండి, తల దెబ్బకి అదీ దెబ్బతింటుంది. మావాడి విషయంలో సగం కోపం నిద్ర లేకే. అది సర్దుకున్నాక కనీసం సాయంత్రాలు మాట్లాడే మనిషయ్యాడు.

మందులు డాక్టర్ నిర్ణయం, నేనేమీ అనను. మాటల వైద్యం మాత్రం ఇంటిల్లిపాదీ కూర్చునే రకం ఉంటే చూడండి, సమస్య ఒకటి తీసుకుని, దారులు రాసుకుని, ఒకటి ఎంచుకుని, వారం చేసి చూసి మళ్ళీ కూర్చోవడం. షారీ వేడ్ అనే ఆవిడ టీమ్ అమెరికాలో తల దెబ్బ తగిలిన టీనేజ్ పిల్లల కోసం దీన్ని ఆన్‌లైన్‌లోనే నడిపేలా తయారుచేసింది, దగ్గర్లో ఎవరూ లేనివాళ్ళు ఇలాంటివి ఉన్నాయా అని అడగొచ్చు.

ఇంట్లో: బయటి నుంచి కళ్ళెం

నేను చేసిన మొదటి తప్పు "ఎందుకు చేశావు?" అని అడగడం. వాడికే తెలీదు ఎందుకు చేశాడో, అడిగితే అబద్ధం పుడుతుంది, అబద్ధానికి ఇంకో గొడవ. రెండో తప్పు పెద్ద పెద్ద శిక్షలు, నెల రోజులు ఫోన్ బంద్ లాంటివి. రేపటి శిక్షని ఇవాళ్టి సరదా పక్కన పెట్టి తూచే తక్కెడే సరిగ్గా లేనప్పుడు నెల శిక్ష ఏం పని చేస్తుంది. చిన్నది, వెంటనే, ప్రతిసారీ ఒకేలా, అంతే. మంచి పని చేసినప్పుడు కూడా అంతే వెంటనే చెప్పాలి, ఆదివారం దాకా దాచకూడదు.

ఒకసారికి ఒకటే పని చెప్పండి. "గది సర్దు, స్నానం చెయ్యి, బ్యాగు పెట్టుకో" అంటే మూడోది మాత్రమే వినపడుతుంది, లేదా ఏదీ కాదు. గొడవ మధ్యలో పాఠం చెప్పొద్దు, ఎవరో ఒకరు గది మారండి, సాధారణంగా అది మనమే అవ్వాలి. మాట్లాడేది మర్నాడు.

బాగా పనిచేసింది ముందుగా రిహార్సల్. "ఎవడైనా గోడ ఎక్కమంటే ఏం చేస్తావు" అని ఉపన్యాసంలా కాకుండా నేనే ఆ ఫ్రెండ్‌లా నటించి "ఏంట్రా భయమా?" అంటే వాడు సమాధానం చెప్పాలి, పదిసార్లు, నవ్వొచ్చేదాకా. "మోకాలు బాలేదు" అనే మాట వాడే ఎంచుకున్నాడు. ఆ క్షణంలో ఆలోచించడం కష్టం కాబట్టి ఆలోచన ముందే అయిపోయి నోటికి వచ్చేసి ఉండాలి. ఫ్రెండ్స్ పక్కనుంటే టీనేజ్ పిల్లలెవరైనా ఎక్కువ రిస్కు తీసుకుంటారు, 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు కారు నడిపే కంప్యూటర్ గేమ్ ఆడించి ఇది చూపించారు, ఒంటరిగా ఆడినప్పటికంటే తోటివాళ్ళు చూస్తుంటే 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలు బాగా తెగించారు, పెద్దవాళ్ళలో ఆ తేడా దాదాపు లేదు. మనవాళ్ళకి అది రెట్టింపు కష్టం. అందుకని ఫ్రెండ్స్‌ని మాన్పించాలని చూడకండి, ఉన్నవాళ్ళలో నిదానస్తుడు ఒకడుంటాడు, వాణ్ణి ఇంటికి పిలవండి, నలుగురి గుంపుని ఇద్దరు చెయ్యండి.

ఇంకోటి చుక్క. మెసేజ్‌లో ఒక్క చుక్క పెడితే మేమే ఫోన్ చేసి ఏదో వంకతో రమ్మంటాం, వెళ్ళి తీసుకొస్తాం, ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగం. ఇదీ ఒప్పందం. ఐదు నెలలు ఏమీ రాలేదు, వాడు మర్చిపోయాడనుకున్నా. ఒక రాత్రి పదీ నలభైకి చుక్క వచ్చింది. ఫోన్ చేసి "అమ్మమ్మకి ఒంట్లో బాలేదు, ఎక్కడున్నావు" అన్నా, వెనక అరుపులు, ఎవరో బండి రేజ్ చేస్తున్న చప్పుడు. వాళ్ళ నాన్న వెళ్ళి తీసుకొచ్చారు. దారంతా మాట్లాడలేదట, ఇంటికొచ్చాక ఈయన మూడుసార్లు నోరు తెరవబోయి మూసుకున్నారు, నేను చూస్తూనే ఉన్నా. మర్నాడు సాయంత్రం వాడే చెప్పాడు, ఎవరు, ఎక్కడ, ఎంత స్పీడు. ఒప్పందం ఆ రాత్రి ఒక్కసారి తప్పి ఉంటే రెండో చుక్క వచ్చేది కాదు, తర్వాత ఇంకో మూడు వచ్చాయి.

మందు, బండి, ఆట

దెబ్బ తగిలిన మెదడుకి మందు, అంటే తాగే మద్యం, తక్కువ మోతాదులోనే ఎక్కువ పట్టేస్తుంది, ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది, కొన్ని మందు బిళ్ళలతో కలిస్తే ఇంకా ప్రమాదం. దీన్ని నీతిగా కాకుండా ఒంటి సంగతిగా చెప్పండి, ఎలర్జీ ఉందని చెప్పినట్టు. మావాడు నీతి వినలేదు, ఇది విన్నాడు. బండి విషయంలో లైసెన్సు వయసు రాగానే తాళం ఇచ్చెయ్యకండి, ముందు డాక్టర్ని అడగండి, తర్వాత కొన్ని నెలలు పక్కన మనం ఉండగానే, తర్వాత పగలు ఒక్కడే, వెనక ఫ్రెండ్స్ ఎక్కడం అన్నిటికంటే చివర. హెల్మెట్ గురించి బేరమే లేదు.

ఆటలు మాన్పించకండి, శరీరం అలిసిపోవడం వీళ్ళకి మంచి మందు. ఈత, పరుగు, బ్యాడ్మింటన్ లాంటివి నయం, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే ఆటలకి డాక్టర్‌ని అడగాలి. మళ్ళీ తలకి తగిలితే ఆ క్షణమే ఆట బంద్, "బానే ఉన్నా" అన్నా సరే. మొదటిది తగ్గకముందే రెండోది తగిలితే మెదడు వాచిపోయి ప్రాణం పోయిన కేసులున్నాయి, అరుదే కానీ ఎక్కువగా కుర్రాళ్ళలోనే. మొదటి 24 నుంచి 48 గంటలు తేలిగ్గా ఉండాలి, చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడం పాత పద్ధతి. తర్వాత నెమ్మదిగా ముందు చదువు, ఆ తర్వాత ఆట, మళ్ళీ మ్యాచ్ ఆడేది డాక్టర్ సరే అన్నాకే. పదే పదే వాంతులు, పెరిగిపోతున్న తలనొప్పి, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవ్వడం, మాట తడబడటం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటిది కారడం, లేపినా లేవకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనపడినా ఎమర్జెన్సీకి పరిగెత్తండి.

స్కూలు, పోలీసులు

స్కూల్‌కి ఫైలు మొత్తం ఇవ్వొద్దు, ఎవరూ చదవరు. ఒకే పేజీ చాలు: ఏం జరిగింది, ఎప్పుడు, దాని వల్ల ఏం కష్టం, ఏం చేస్తే పని అవుతుంది. ముందు బెంచీ, పరీక్షకి ఎక్కువ టైము, కోపం వస్తే అడక్కుండా బయటికెళ్ళి ఐదు నిమిషాలు కూర్చునే వీలు, అందరి ముందు తిట్టకపోవడం. మా దగ్గర ఒక టీచర్ "ఇది సాకు" అన్నారు మొహం మీదే. నేను వాదించలేదు, ఒక్క నెల బయటికెళ్ళే వీలు ఇచ్చి చూడమన్నా. ఆ నెల పుస్తకాలు ఎగరలేదు. ప్రతి జూన్‌లోనో ఎప్పుడైతే కొత్త క్లాసు మొదలవుతుందో అప్పుడు అదే పేజీ మళ్ళీ కొత్త టీచర్‌కి.

ఏదైనా కేసు దాకా వస్తే మొదటి గంటలోనే దెబ్బ సంగతి చెప్పండి, రాతపూర్వకంగా. ఈ పిల్లలు అలిసిపోయినప్పుడు అడిగినదానికల్లా అవును అనేస్తారు, ఇంటికెళ్ళిపోవచ్చనే ఆశతో. పెద్దవాళ్ళో లాయరో పక్కన లేకుండా వాంగ్మూలం ఇవ్వకూడదని వాడికీ నేర్పించండి.

ఒక విషయం మెల్లగా చెప్తా. తల దెబ్బ తగిలినవాళ్ళలో ఆత్మహత్యలు ఎక్కువ, డెన్మార్క్ రికార్డుల్లో దాదాపు రెట్టింపు దగ్గర ఉంది. దుడుకు పిల్లాడు హఠాత్తుగా నెమ్మదించి గదిలోంచి రావడం మానేస్తే "హమ్మయ్య" అనుకోకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, మందులూ మిగతా ప్రమాదకరమైనవీ అందకుండా పెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

వాడికి ఎప్పుడు చెప్పాలి

నేను ఆలస్యం చేశా. చెప్తే దాన్నే సాకు చేసుకుంటాడేమో, లేకపోతే నేను పనికిరానివాణ్ణి అనుకుంటాడేమో అని. పదహారో ఏట ఫైలు వాడి చేతికే ఇచ్చా. ప్రోగ్రెస్ కార్డుల పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. "ఇది నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు. ఏడాది నుంచి అన్నా. "మరి నేను ఏడాదంతా నాకు పిచ్చనుకుంటున్నా కదా అమ్మా" అని లేచి వెళ్ళిపోయాడు, రెండ్రోజులు మాట్లాడలేదు. కాబట్టి మీరు పన్నెండు, పదమూడుకే చెప్పెయ్యండి, రెండు వాక్యాల్లో, "నీకు ఆగడం మిగతావాళ్ళకంటే కష్టం, దానికి కారణం ఉంది, నేర్చుకోవచ్చు" అని, మిగతాది వాడు అడిగినప్పుడు.

ఇప్పుడు వాడికి పంతొమ్మిది. పిల్లల డాక్టర్ దగ్గర్నుంచి పెద్దవాళ్ళ డాక్టర్‌కి మారేటప్పుడు పాత రికార్డులు అక్కడే ఉండిపోతాయి, అందుకని ఫైలు ఫొటోలు తీసి వాడి ఫోన్‌లో పెట్టించాం. మొన్న కొత్త డాక్టర్ దగ్గర నేను చెప్పబోతుంటే ఆపి వాడే చెప్పాడు, తేదీతో సహా. ఒక దెబ్బ నా నోట్‌బుక్‌లో లేదు, పద్నాలుగో ఏట ఎక్కడో గోడ మీంచి పడ్డదట, అది నేను మొదటిసారి వినడం అక్కడే.